లైబ్రరీ వెనకగదిలో ఓడిల్ చదువు

మా సెయింట్ రెమికి ఉన్న ఒక్క డాక్టరు గాన్యోన్ గారు క్లినిక్‌కి తాళం వేసి ఫ్లోరిడా వెళ్ళిపోయిన ఏడాది ఓడిల్ సీర్‌కి ఇరవై ఏడేళ్ళు. ఊరి అంబులెన్సులో పనిచేసేది. పొడుగు మనిషి, పెద్ద పెద్ద చేతులు, తక్కువ మాటలు. నేను ఊరి లైబ్రరీ చూసుకునేదాన్ని. వాళ్ళమ్మా నేనూ ఒక అమ్మమ్మ మనవరాళ్ళం కాబట్టి ఓడిల్ నన్ను పిన్నీ అని పిలిచేది. నా పేరు సెసీల్ అన్న సంగతి తనకి గుర్తుందో లేదో కూడా నాకు తెలియదు.

ఆస్పత్రికి మా ఊరి నుంచి నది వెంట గంటంపావు ప్రయాణం. మంచు పడితే రెండు గంటలు. గాన్యోన్ గారు ఉన్నప్పుడు అంబులెన్సు ముందుగా క్లినిక్ దగ్గర ఆగేది. ఆయన ఇంటి చెప్పులతోనే బయటికొచ్చి, బండెక్కి మనిషిని చూసి, ఏదో ఒక మందు వేసి, "ఇక పోనివ్వండి" అనేవారు. ఆయన వెళ్ళిపోయాక ఆగడానికి చోటు లేకపోయింది.

ఆ నవంబరులో ఒక పొద్దున రీటా డ్యుబేకి గుండె నొప్పి వచ్చింది. బండి నడుపుతున్నది ఆర్మాండ్. వెనక రీటా పక్కన ఓడిల్. రీటా భర్త లియో ఆర్మాండ్ పక్క సీటులో కూర్చున్నాడు. బండి క్లినిక్ ముందుకి రాగానే లియో అలవాటు కొద్దీ, "కాస్త నెమ్మదిగా పోనియ్, డాక్టరు గారు బయటికొస్తారు" అన్నాడట. ఆర్మాండ్ బండి ఆపలేదు. క్లినిక్ కిటికీకి చెక్కలు కొట్టి ఉన్నాయి. వెనక నుంచి ఓడిల్ గొంతు వినిపిస్తూనే ఉంది. రీటాని కోడి పులుసు ఎలా చేస్తావని అడుగుతోంది, పిండి ముద్దలు ముందు వేస్తావా, బంగాళాదుంపలు ముందు వేస్తావా అని. రీటా ఒక్కో మాటా చెబుతోంది. ఆస్పత్రి ఇంకా ఆరు మైళ్ళుందనగా రీటా మాట ఆగిపోయింది.

ఇదంతా నాకు చెప్పింది లియో. ఓడిల్ ఎప్పుడూ చెప్పలేదు.

జనవరిలో ఒక మధ్యాహ్నం ఓడిల్ లైబ్రరీకి వచ్చి, బూట్ల మంచు దులుపుకుంటూ అడిగింది.

"పిన్నీ, ఇక్కడ ఇంటర్నెట్ ఎంతసేపు వాడుకోనిస్తారు?"

"అరగంట. వెనక ఎవరూ కాచుకుని లేకపోతే ఎంతసేపైనా."

తను వెనక్కి తిరిగి చూసింది. లైబ్రరీలో ఉన్నది లియో ఒక్కడే. రీటా పోయిన దగ్గర్నుంచి రోజూ వచ్చేవాడు. ఇంట్లో గడియారం చప్పుడు ఎక్కువైందని చెప్పేవాడు. పేపరు చేతిలో పట్టుకుని అదే పేజీ గంటసేపు చూస్తూ ఉండేవాడు.

"దేనికమ్మా?" అన్నాను.

"చదువుకోవడానికి. రెండేళ్ళ కాలేజీ ఎప్పుడో అయిందిగా. మిగతా రెండేళ్ళూ యూనివర్సిటీ వాళ్ళు ఆన్‌లైన్‌లో చెబుతారట. బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్సు కూడా ఉన్నాయి." గొంతు తగ్గించింది. "మెడికల్ కాలేజీకి కావాల్సినవన్నీ ఉన్నాయి."

నేను పుస్తకం మీద తేదీ ముద్ర కొడుతున్నాను. పాత ఏడాది అంకె పడిపోయింది. "నువ్వు డాక్టరువా?" అనేశాను. అన్న మరుక్షణం నాలుక కొరుక్కున్నాను గానీ అప్పటికే ఆలస్యమైంది.

"కాకూడదా?" అంది. కోపంగా కాదు. నిజంగానే అడుగుతున్నట్టు.

అప్పట్లో నది వెంట ఇళ్ళకి ఫోను తీగ మీద వచ్చే ఇంటర్నెట్టే గతి. గాలి గట్టిగా వీస్తే పోయేది. లైబ్రరీలో మాత్రం ప్రభుత్వం వాళ్ళు వేసిన మంచి లైను ఉండేది. పాఠం చూడాలన్నా, పరీక్ష రాయాలన్నా ఓడిల్‌కి మా వెనకగదే దిక్కు. ఆ గదిలో పాత పత్రికల కట్టలు, ఒక పొడుగాటి బల్ల, రోజంతా గురకపెట్టే హీటరు ఉండేవి. వారంలో మూడు రోజులు డ్యూటీ, మిగతా నాలుగు రోజుల్లో లైబ్రరీ తెరిచి ఉన్నంతసేపూ ఆ బల్ల దగ్గరే. డ్యూటీ లేని రోజు కూడా నడుముకి పేజరు ఉండేది. మా ఊళ్ళో అంబులెన్సు మనుషులు నలుగురే. ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా మిగతావాళ్ళు పరుగెత్తాలి.

పేజరు మోగితే పాఠం ఎక్కడిదక్కడ ఆపేసి వెళ్ళిపోయేది. తెరమీద ప్రొఫెసరు నోరు తెరిచి అలాగే నిలబడి ఉండేవాడు. ఓసారి లియో గుమ్మంలో నిలబడి ఆయన్ని చాలాసేపు చూశాడు.

"సెసీల్, వచ్చి ఈయన నోరు మూయించు. లోపలికి చలిగాలి పోతోంది."

రీటా పోయాక లియో వేసిన మొదటి జోకు అది. నేను నవ్వలేక నవ్వాను.

అలా మొదలై అతను రోజూ ఆ గదిలోకే వెళ్ళి కూర్చోవడం మొదలెట్టాడు. నలభై ఏళ్ళు బంగాళాదుంపల ఇన్‌స్పెక్టరుగా చేసిన మనిషి. ఏ వస్తువుని చూసినా తిప్పి తిప్పి, మచ్చ ఎక్కడుందో వెతికేవాడు. ఓడిల్ అట్ట ముక్కల మీద ఒకపక్క ప్రశ్న, ఒకపక్క జవాబు రాసుకునేది. లియో వాటిని చేతిలోకి తీసుకుని ప్రశ్నలు వేసేవాడు. రసాయనాల పేర్లు అతని నోట్లో మా నది లోయలో ఇళ్ళల్లో మాట్లాడుకునే ఫ్రెంచి యాసలో పలికేవి. కొన్నిసార్లు అవి ఏ పదార్థాలో పాఠం చెప్పినవాళ్ళకి కూడా అర్థమై ఉండేది కాదు.

"తప్పు," అనేవాడు.

"తప్పు కాదు తాతా, అదే జవాబు."

"తప్పన్నానా?"

"వెనక తిప్పి చూడు."

"చూశాను. ఒప్పే. నువ్వు బెదురుతావేమోనని చూశా. రేపు ఏ పెద్ద డాక్టరో తప్పంటే మాట మార్చేస్తావా పిల్లా?"

ల్యాబు పెట్టెలో వచ్చేది. ఇంత పెద్ద అట్టపెట్టె. అందులో చిన్న తక్కెడ, గాజు గొట్టాలు, చుక్కలు వేసే సీసాలు, కళ్ళద్దాలు, చేతితొడుగులు. ప్రయోగం చేసి, ఫోటోలు తీసి, లెక్కలు రాసి పంపాలి. పులుపెంతో కొలిచే ప్రయోగం రోజున ఇద్దరూ గులాబి రంగు ఎప్పుడొస్తుందా అని గొట్టం మీదకి వంగి కూర్చున్నారు. నేను ముందుగదిలో పిల్లలకి కథ చదువుతున్నాను. "వచ్చింది!" అని లియో పెట్టిన కేకకి పిల్లలందరూ వెనక్కి తిరిగారు.

రెండో ఏడు పెట్టెలో పంది గుండె వచ్చింది. గట్టి కవర్లో, ఏదో మందులో నానబెట్టి. ఓడిల్ బల్లమీద పాత పేపర్లు పరిచి, దాన్ని నెమ్మదిగా కోసి, కవాటాలు ఒక్కొక్కటే వేలితో తెరిచి లియోకి చూపించింది. అతను చేతులు వెనక్కి కట్టుకుని వంగి చూశాడు.

"రీటాకి ఎక్కడ ఆగిపోయింది?" అన్నాడు.

ఓడిల్ కత్తి కింద పెట్టింది. ఏ నాళం, ఎక్కడ, ఎలా మూసుకుపోయి ఉంటుందో వేలితో చూపిస్తూ చెప్పింది. ఓదార్పు మాటలేమీ అనలేదు. అతను రెండుసార్లు చెప్పించుకున్నాడు. తర్వాత కుర్చీలో కూర్చుని, "సరే. ఇప్పుడు తెలిసింది" అన్నాడు.

సరిగ్గా అప్పుడే లైబ్రరీ కమిటీ అధ్యక్షురాలు తిబడో మేడమ్ లోపలికొచ్చారు. ఆవిడ ముక్కుకి ఏదీ తప్పించుకోదు.

"సెసీల్, ఏమిటీ వాసన?"

లియో వెనకగది తలుపు దగ్గరికి లాక్కుని బయటికొచ్చి టోపీ తీశాడు.

"నా మధ్యాహ్నం భోజనం మేడమ్. రీటా పోయాక నా వంట ఇలాగే ఏడుస్తోంది."

ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మర్నాడు లియో ఇంటికి పంది మాంసం కూరి కాల్చిన పెద్ద పై రొట్టె ఒకటి వెళ్ళింది. తర్వాత ప్రతి శుక్రవారం ఏదో ఒకటి వెళ్తూనే ఉంది. అబద్ధానికి ఇంత రుచి ఉంటుందని తెలిస్తే ముందే ఆడేవాణ్ణి కదా అన్నాడు లియో. గుండెని లైబ్రరీ వెనక పూడ్చిపెట్టాం. ఈస్టరు నాటికి మంచు కరిగాక పక్కింటి కుక్క తవ్వి తీసుకుపోయింది.

ఆ నాలుగు చలికాలాలు ఎలా గడిచాయో ఇప్పుడు తలుచుకుంటే అన్నీ ఒకే పొడుగాటి మధ్యాహ్నంలా ఉంటాయి. నాలుగింటికే చీకటి పడేది. నేను దీపాలు వేసి టీ పెట్టేదాన్ని. లియో ఇంటి నుంచి ప్లోయ్ అట్లు గుడ్డలో చుట్టుకొచ్చేవాడు. వెన్న రాసి, చుట్టి, తలో రెండు తినేవాళ్ళం. లైబ్రరీలో తినకూడదన్న బోర్డు నేను రాసిందే, మా నెత్తిమీదే వేలాడుతూ ఉండేది. ఓడిల్ ఒక చేత్తో అట్టు తింటూ ఇంకో చేత్తో కర్బన గొలుసులు గీసేది. కాగితాల మీద వెన్న మరకలు. ఫిజిక్సులో ఒకసారి తప్పింది. ఆ రోజు అట్టు తినలేదు. మళ్ళీ రాసి పాసైంది.

నాలుగో ఏడు వసంతంలో డిగ్రీ చేతికొచ్చింది. మెడికల్ ఎంట్రన్సు కూడా రాసింది. మంచి మార్కులే. అప్పుడొచ్చింది అసలు చిక్కు.

ఒక్కో మెడికల్ కాలేజీది ఒక్కో పద్ధతి. ఓడిల్ పద్నాలుగు కాలేజీల నిబంధనలు చదివి, పాత క్యాలెండరు వెనక పట్టిక గీసి గోడకి అంటించింది. ఆన్‌లైన్ క్రెడిట్లు చెల్లవని అయిదు కాలేజీలు రాశాయి. పాఠాలకైతే చెల్లుతాయి, ల్యాబులకి చెల్లవని నాలుగు. మనిషిని బట్టి చూస్తామని మూడు. గుర్తింపున్న కాలేజీ ఇచ్చినవైతే మాకు అభ్యంతరం లేదని రెండంటే రెండు.

"ఇదేం గోల?" అన్నాడు లియో. "బంగాళాదుంపకైనా దేశమంతటికీ ఒకటే కొలత."

దరఖాస్తు నింపే రోజు ముగ్గురం వెనకగదిలో కూర్చున్నాం. కోర్సు పేరు, కాలేజీ పేరు, క్రెడిట్లు, మార్కులు. అంతే అడిగారు. ఎక్కడ కూర్చుని చదివావన్నదానికి గడి లేదు. యూనివర్సిటీ ఇచ్చిన మార్కుల పత్రంలో కూడా ఆన్‌లైన్ అన్న మాట ఎక్కడా లేదు. క్లాసులో కూర్చున్నవాళ్ళకీ ఓడిల్‌కీ ఒకే పత్రం.

లియో కళ్ళజోడు సర్దుకుని ఆ పత్రాన్ని వెలుతురుకి పట్టి చూశాడు.

"మచ్చ లేదు," అన్నాడు. "అడగలేదు, నువ్వు చెప్పకు. అయిపోయింది."

"ల్యాబులు క్లాసులోనే చేసి ఉండాలని వాళ్ళ నిబంధనల్లో ఉంది తాతా."

"నిబంధనల్లో ఉంది, ఫారంలో లేదు. ఫారంలో అడగనిది నువ్వెందుకు మోసుకెళ్ళి వాళ్ళ ఒళ్ళో పోస్తావ్?"

ఓడిల్ నా వైపు చూసింది. "నువ్వేమంటావ్ పిన్నీ?"

నిజం చెబుతున్నాను, నాకు కూడా లియో మాటే నచ్చింది. నాలుగేళ్ళు కళ్ళారా చూశాను మరి. "అబద్ధం రాయడం లేదు కదమ్మా," అన్నాను.

తను కాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చుంది. "మొన్న ఫ్రాన్స్వా ఇంటికి వెళ్ళాం. ఛాతీ పట్టేసిందన్నాడు. ఏం మందులు వేసుకున్నావంటే ఏమీ లేదన్నాడు. అడిగినదానికే జవాబు చెప్పాడు. ముందురోజు వాళ్ళ అన్నయ్య మాత్రలు రెండు మింగిన సంగతి నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. మేము వేసిన మందుకీ వాటికీ పడలేదు, దారిలో ఏమైందో ఆర్మాండ్‌ని అడగండి." లేచి నా బల్ల దగ్గరికి వెళ్ళింది. "ఫోను వాడుకోనా?"

పట్టికలో అన్నిటికంటే పైనున్న కాలేజీకి ఫోను చేసింది. మాకు ఇటువైపు మాటలే వినిపించాయి. అవునండీ, అన్నీ ఆన్‌లైనే. ల్యాబులు పెట్టెలో వచ్చాయండీ. లేదండీ, ఎవరూ అడగలేదు, నేనే చెబుతున్నాను. తర్వాత చాలాసేపు వినడమే. ఫోను పెట్టేసి చెప్పింది.

"పాఠాలకి సరేనట. ల్యాబులు లెక్కలోకి తీసుకోరట. పాపం ఆవిడ మంచిగానే చెప్పింది. ఇలా ఫోను చేసి అడిగేవాళ్ళు తక్కువంది."

"ఎందుకుంటారు?" అన్నాడు లియో. "బుద్ధున్నవాడెవడూ చెయ్యడు."

అయినా తొమ్మిది కాలేజీలకి పంపింది. ప్రతి దాంట్లో వ్యాసం రాయమన్న చోట, సైన్సు అంతా ఊరి లైబ్రరీ వెనకగదిలో చదివానని, పంది గుండె సంగతితో సహా రాసింది. ఆ శీతాకాలమంతా తొమ్మిది ఉత్తరాలూ ఒక్కొక్కటే వచ్చాయి. తొమ్మిదీ కాదనే. ఆఖరి దాని అడుగున మాత్రం ఎవరో చేత్తో రెండు ముక్కలు రాశారు. ల్యాబులు ప్రత్యక్షంగా చేసి మళ్ళీ ప్రయత్నించండి, మీ వ్యాసం ఇక్కడ ముగ్గురం చదివాం, అని.

లియో ఆ ఉత్తరం చదివి బల్లమీద పడేశాడు. "చెప్పావుగా నిజం. బాగుపడ్డావా?"

"తాతా..."

"నేను డెబ్భై తొమ్మిదో ఏట కెమిస్ట్రీ నేర్చుకున్నానే నీకోసం! ఇప్పుడు ఎనభై నాలుగు. ఇంకా ఎన్నేళ్ళు ఉంటాననుకున్నావ్?"

టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. రెండు వారాలు రాలేదు. ఓడిల్ కూడా వెనకగదిలోకి వెళ్ళలేదు. ముందుగదిలో నిలబడి, ఏదో పుస్తకం తీసి, మళ్ళీ పెట్టేసి వెళ్ళేది. అంతకుముందు ఎన్నేళ్ళు ఒంటరిగా ఆ లైబ్రరీ నడిపానో గానీ, ఆ రెండు వారాలు మాత్రం నాకు హీటరు చప్పుడు భరించరానిదైపోయింది.

మూడో సోమవారం లియో వచ్చాడు. చేతిలో ఒక కాగితం. దక్షిణాన మూడున్నర గంటల దూరంలో ఉన్న యూనివర్సిటీకి అతనే ఫోను చేసి కనుక్కున్నాడట. వేసవిలో ల్యాబులు మాత్రమే విడిగా తీసుకోవచ్చు. ఒక్కోటి అయిదారు వారాలు. రెండు వేసవుల్లో అన్నీ పూర్తవుతాయి. కాగితాన్ని ఓడిల్ ముందు పెట్టి, "ఫోనులో ఆ పిల్లకి నా ఇంగ్లీషు అర్థం కాలేదు. నాలుగుసార్లు చెప్పాను" అన్నాడు. క్షమించమనడం అతని పద్ధతి కాదు. అంతకంటే ఎక్కువ ఓడిల్ కూడా ఆశించలేదు.

అక్కడ మా ఆడపడుచు ఇంట్లో మేడమీద గది ఇప్పించాను. సోమవారం నుంచి గురువారం దాకా ల్యాబు, శుక్రవారం బయల్దేరి వచ్చి వారాంతమంతా అంబులెన్సు. మిగతా రోజులు ఆర్మాండూ వాళ్ళూ పంచుకున్నారు. ఆర్మాండ్ సణగకుండా ఏ పనీ చెయ్యడు, అలాగే సణుగుతూ రెండు వేసవులూ చేశాడు. మొదటి రోజు ల్యాబులో పంతొమ్మిదేళ్ళ పిల్లలు ఓడిల్‌ని చూసి టీచరనుకుని లేచి నిలబడ్డారట. ఆ రోజే ఒక పొడుగు గాజు గొట్టం పగలగొట్టింది.

మొదటి శుక్రవారం తిన్నగా లైబ్రరీకొచ్చింది. జుట్టు నిండా ఏదో ఘాటైన వాసన.

"ఎలా ఉంది?" అన్నాను.

"వాళ్ళు అన్నదాంట్లో కొంత నిజముంది పిన్నీ."

లియో ముఖం చిట్లించాడు. "ఎవరు అన్నది?"

"కాలేజీలవాళ్ళు. లెక్కలు నాకు ఆ పిల్లలకంటే బాగా వచ్చు. కానీ పెట్టెలో అంతా చుక్కల్లో ఉండేది. ఇక్కడ లీటర్లు మరుగుతాయి. ఆవిరి ఎటు పోతుందో, గాజు ఎప్పుడు పగులుతుందో, పక్కవాడి చెయ్యి కాలబోతుంటే ఎలా లాగాలో పెట్టెలో లేదు. అది నాకు తెలీదని కూడా నాకు తెలీదు."

"అయితే నాలుగేళ్ళూ వృథా అంటావా?"

"అనను. ఎవడో పొద్దున నన్ను అడిగాడు, ఇదంతా బట్టీ ఎలా పట్టావని. తప్పు కాకపోయినా తప్పనే తాత ఒకడున్నాడని చెప్పా."

లియో కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

రెండో వేసవి అవుతుండగా మళ్ళీ దరఖాస్తు పెట్టింది. ఈసారి అయిదింటికే. జనవరిలో ఒక కాలేజీ ఇంటర్వ్యూకి పిలిచింది. మేము ముగ్గురం ప్రశ్నలన్నీ ముందే ఊహించి జవాబులు తయారుచేశాం. ఆన్‌లైన్ చదువెందుకని అడుగుతారు కదా, దానికి నేను ఒక పేజీ నిండా చక్కటి ఇంగ్లీషులో రాసిచ్చాను. ఓడిల్ దాన్ని కారులో దారంతా వల్లె వేసుకుంటూ వెళ్ళిందట.

తిరిగొచ్చాక మేము మీద పడిపోయాం. "ఏమడిగారు?"

"పంది గుండె తర్వాత ఏమైందని అడిగారు."

"ఏమిటీ?"

"నిజంగా. ముగ్గురు డాక్టర్లు కూర్చున్నారు. వాళ్ళలో పెద్దావిడ వ్యాసం ముందు పెట్టుకుని, అన్నీ రాశావు గానీ గుండెని చివరికి ఏంచేశావో రాయలేదంది. పూడ్చిపెట్టాం, కుక్క తవ్వేసిందన్నా. ముగ్గురూ ఒకటే నవ్వు. ఆ నవ్వుతో నేను వల్లెవేసిందంతా మర్చిపోయా. తర్వాత, ఆన్‌లైన్ ఎందుకన్నారు. మా అంబులెన్సుకి నలుగురమే, నేను క్లాసుకి పోతే ముగ్గురవుతారని చెప్పా. అంతే."

"నేను రాసిచ్చిన పేజీ?" అన్నాను.

"కారులో ఉంది పిన్నీ. కాఫీ ఒలికింది."

మార్చిలో, మంచు ఇంకా కిటికీల దాకా ఉండగానే, ఒక మధ్యాహ్నం రబ్బరు బూట్లతోనే లోపలికొచ్చింది. అంబులెన్సు కడుగుతుంటే ఫోనొచ్చిందట. చేతులు తడిగా, చలికి ఎర్రగా ఉన్నాయి. గుమ్మం దగ్గరే నిలబడి, "తీసుకున్నారు," అంది. నేను పుస్తకాలు ఎక్కడ పడేశానో, ఎలా వెళ్ళి తనని పట్టుకున్నానో గుర్తులేదు. లియో లేచాడు. టోపీ తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు.

"ఎప్పుడు వెళ్తావ్?" అన్నాడు.

"ఆగస్టులో తాతా."

"ఆగస్టు," అన్నాడు. తర్వాత కూర్చున్నాడు. మేమిద్దరం ఆరేళ్ళు ఏ రోజు కోసం కాచుకున్నామో ఆ రోజు వచ్చింది. ఆ రోజొస్తే మా వెనకగది ఖాళీ అవుతుందని మాకెవరికీ ముందు తట్టలేదు.

ఓడిల్ వెళ్ళాక కూడా లియో రెండు చలికాలాలు వచ్చాడు. ఆ గదిలోకి మాత్రం వెళ్ళేవాడు కాదు, నా బల్ల ఎదురుగానే కూర్చునేవాడు. అట్టముక్కల కట్ట ఒకటి అతని కోటు జేబులోనే ఉండిపోయింది. ఒక్కోసారి తీసి, నన్ను అడిగేవాడు. నాకు ఒక్కటీ రాదు. "తప్పు," అనేవాడు, "నిజంగానే తప్పు." ఎనభై ఎనిమిదో ఏట నిద్రలో పోయాడు. ఓడిల్ ఎనిమిది గంటలు కారు నడుపుకుని అంత్యక్రియలకి వచ్చింది, శవపేటిక ముందువైపు తనే మోసింది, సాయంత్రమే తిరిగి వెళ్ళిపోయింది. మర్నాడు పరీక్ష.

తను మూడో సంవత్సరంలో ఉండగా మహమ్మారి వచ్చింది. కాలేజీలన్నీ మూతపడ్డాయి. దేశమంతా పిల్లలు వంటింటి బల్లల మీద పెట్టెలు విప్పుకుని ల్యాబులు చేశారు. మొదట్లో ఫోనులో వద్దన్న కాలేజీతో సహా ఎన్నో కాలేజీలు ఆ ఏడు ఆన్‌లైన్ క్రెడిట్లు తీసుకుంటామని ప్రకటించాయి. ఆ కబురు ఓడిలే ఫోను చేసి చెప్పింది.

"కోపంగా లేదా?" అన్నాను.

"కాస్త ఉంది. తాతుంటే బాగా తిట్టేవాడు. అందుకే నీకు చేశా, నువ్వు తిడతావని."

నాకు తెలిసిన తిట్లన్నీ తిట్టాను. అవతల నవ్వుతూనే ఉంది. నవ్వుతోందనే అనుకున్నాను.

ఆ మరుసటి ఏడు తను డాక్టరైంది, నేను రిటైరయ్యాను. ఇప్పుడు నది వెంట ప్రతి ఇంటికీ మంచి ఇంటర్నెట్ ఉంది. చదువుకునేవాళ్ళు ఇంట్లోనే చదువుకుంటున్నారు. లైబ్రరీ వారానికి మూడు రోజులే తెరుస్తున్నారు. మంచిదే. నేనే అప్పుడప్పుడు వెళ్ళి, కొత్త లైబ్రేరియన్‌కి అడ్డం పడుతుంటాను.

మూడేళ్ళ శిక్షణ అయ్యాక ఓడిల్ పెద్ద ఊళ్ళు వదిలి ఇటే వచ్చింది. మా ఊరికి కాదు. గాన్యోన్ గారి క్లినిక్ కప్పు ఎప్పుడో కూలిపోయింది. ఇరవై నిమిషాల దూరంలో పక్క ఊరి ఆరోగ్య కేంద్రంలో చేరింది. నేను మోకాలు చూపించుకోవడానికి వెళ్ళాను. నలభై నిమిషాలు కూర్చోబెట్టింది. ఎదురుగా ఉన్న ముసలాయన, "ఈ కొత్త డాక్టరమ్మ ఒక్కొక్కరితో గంట మాట్లాడుతుంది, మనకి తెల్లారిపోతుంది" అని విసుక్కున్నాడు. ఆవిడ మా పిల్లేనని చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చింది. చెప్పకుండా కూర్చోవడం కష్టమైంది.

లోపలికి వెళ్ళి, "నమస్కారం డాక్టరు గారూ" అన్నాను.

"అలా పిలిచావంటే సూది పొడుస్తా పిన్నీ. కాలు చాపు."

పెద్ద చేతులు. మోకాలు చిప్ప చుట్టూ నెమ్మదిగా నొక్కింది. జుట్టులో కొంచెం తెలుపు వచ్చింది. ఎక్కడ నొప్పి, ఎప్పటి నుంచి, ఏమేం మందులు వేసుకుంటున్నావని అడిగింది. ఏమీ లేదన్నాను. ఆగి, నా ముఖంలోకి చూసింది.

"ఇంట్లో ఎవరి మాత్రలైనా?"

"మా అక్కవి," అన్నాను. "రెండు. మొన్న."

"మూడా?"

"మూడు."

రాసుకుంది. ఉప్పు మాంసం తగ్గించమంది. మెట్లు ఎక్కే కసరత్తు ఒకటి తనే చేసి చూపించింది. ఆరు వారాల తర్వాత మళ్ళీ రమ్మంది. బయట అమ్మాయి ఇచ్చిన తేదీ సరిగ్గా బంగాళాదుంపల తవ్వకాల్లో పడింది, రోడ్డు నిండా ట్రక్కులుంటాయి, ఆ వారం వద్దన్నాను. తర్వాతి వారం మంగళవారం ఇచ్చింది. కాగితం మడిచి పర్సులో పెట్టుకుని, కుంటుకుంటూ కారు దాకా నడిచాను.